మాస్టారి చెవి, కోడలి ఫోను: ‘మా మాటలు ఫోను వింటోంది’ అన్న ఒక ఫిర్యాదుపై కేసు నివేదిక

ఇళ్లలోనూ చిన్న దుకాణాల్లోనూ ఫోన్లు, ఖాతాలు, వైఫై భద్రంగా ఉంచుకోవడానికి సలహాలివ్వడం నా వృత్తి. డబ్బు పోగొట్టుకున్న మోసాల తరువాత నా దగ్గరకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, ‘మేం మాట్లాడుకున్న వస్తువే ప్రకటనగా వచ్చిందండీ’ అన్నది. అలాంటి కేసుల్లో చాలావాటిని అరగంటలో ముగించేవాణ్ని. ఇది మాత్రం నెలకు పైగా నడిచింది, ఆ నెలలో నేను రెండు తప్పులు చేశాను. రాయడానికి కుటుంబం అనుమతి ఇచ్చింది. వారిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను కానీ, జరిగిన క్రమాన్ని మార్చలేదు.

నేపథ్యం

కోస్తాలో ఒక మోస్తరు పట్టణం. ఇంట్లో నలుగురు: డెబ్బై దాటిన రిటైర్డ్ హైస్కూలు ఉపాధ్యాయుడు, ఆయన కొడుకు, కోడలు, తొమ్మిదో తరగతి చదివే మనవడు. కొడుకుది సొంత వ్యాపారం, కోడలిది ఆఫీసు ఉద్యోగం, కాబట్టి పగలంతా మాస్టారు ఒక్కరే ఇంట్లో ఉంటారు. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. హాల్లో స్మార్ట్ టీవీ, మనవడి పాత ఆన్‌లైన్ క్లాసుల నాటి ట్యాబ్ ఉన్నాయి, ఆ రెండింటిలోనూ కోడలి గూగుల్ ఖాతాయే ఉంది. కొన్నరోజున ఎవరి ఫోను చేతికందితే వారి ఖాతాతో లాగిన్ చేసి వదిలేయడం మన ఇళ్లలో మామూలే. ఈ సంగతిని మొదటిరోజే నోటుబుక్కులో రాసుకున్నాను గానీ, దాని విలువ నాకు మూడు వారాల తరువాత తెలిసింది.

మాస్టారికి ఏడాదిగా వినికిడి తగ్గుతోంది. ఒక రాత్రి భోజనాల దగ్గర కొడుకూ కోడలూ చెవి మిషన్ గురించి, దాని ధర గురించి కాసేపు మాట్లాడుకున్నారు. నాలుగో రోజున కోడలి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక వినికిడి కేంద్రం ప్రకటన కనిపించింది. యూట్యూబ్ తెరిస్తే మొదటి వరుసలోనే చెవిలో హోరు గురించి డాక్టర్లు చెప్పే వీడియోలు వచ్చాయి. తాను ఎక్కడా ఒక్క మాట కూడా వెతకలేదని ఆమె గట్టిగా చెప్పింది. ఆ మాట నిజమేనని తరువాత తేలింది.

సమస్య

నన్ను పిలిచేనాటికి ప్రకటనలు మొదలై నెలన్నర గడిచింది. అప్పటికే వాళ్లు మైకు రంధ్రం మీద టేపు అంటించారు. భోజనాల వేళ ఫోన్లను పడకగదిలో దిండ్ల కింద పెట్టారు. తెలిసిన దుకాణంలో కోడలి ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయించినా, రెండు రోజుల్లో ఆ ప్రకటనలే తిరిగి వచ్చాయి. ఇక చేసేదేమీ లేక ఇంట్లో గుసగుసగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నన్ను ఆపింది ఆ చివరి విషయం. నేను హాల్లో కూర్చున్న గంటసేపూ కొడుకూ కోడలూ గొంతు తగ్గించే మాట్లాడారు. నాకే కొన్ని మాటలు అందలేదు. మూలన పడక కుర్చీలో ఉన్న మాస్టారు మా ముగ్గురి పెదవుల వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. మామూలు గొంతే అందని మనిషి ఉన్న ఇంట్లో అందరూ గుసగుసలాడితే ఆయనకు మిగిలేదేమిటో వారికి తట్టలేదు. నేను వెంటనే చెప్పి ఉండవలసింది, కానీ నన్ను పిలిచింది ఫోను కోసం కదా అని ఊరుకున్నాను.

ఫ్యాక్టరీ రీసెట్ ఫలితం నాకు మంచి ఆధారంగా తోచింది. ఫోనులో దొంగచాటు ప్రోగ్రామ్ ఏదైనా కూర్చుని ఉంటే, రీసెట్‌తో చాలావరకు అది తుడిచిపెట్టుకుపోతుంది. అయినా ప్రకటనలు తిరిగి వచ్చాయంటే, ‘ఈమెకు చెవి మిషన్ కావాలి’ అన్న సమాచారం ఫోనులో లేదు, ఆమె ఖాతాకో ఫోన్ నంబరుకో అంటుకుని బయట ఎక్కడో ఉందన్నమాట. నా మొదటి ఊహ అది. దాన్ని వెంటనే వెంబడించకుండా, ముందు వారిని ఒప్పించాలనుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

మొదటి ప్రయత్నం: నచ్చజెప్పడం

నాకు తెలిసినదంతా చెప్పాను. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి, మైకును రహస్యంగా తెరిచి మాటలను బయటకు పంపుతున్న యాప్ ఒక్కటీ తమకు కనబడలేదని రాశారు. అయితే కొన్ని యాప్‌లు తెర మీద జరిగేదాన్ని వీడియోగా తీసి మూడో సంస్థకు పంపుతున్నట్టు వారు కనిపెట్టారు. మైకు వాడి ప్రకటనలు చూపడం లేదని ఫేస్‌బుక్ 2016లోనే ప్రకటించింది. 2018లో అమెరికా సెనేట్ ముందు ఆ సంస్థ అధిపతి జుకర్‌బర్గ్‌ను సూటిగా అడిగితే కాదనే చెప్పాడు.

లెక్క కూడా వేసి చూపించాను. మాటను బాగా కుదించి సెకనుకు 16 కిలోబిట్ల చొప్పున పంపినా గంటకు 7 మెగాబైట్లు దాటుతుంది. మేలుకుని ఉండే 15 గంటలకు 100 మెగాబైట్లకు పైమాటే, నెలకు 3 గిగాబైట్లకు పైనే. కోడలి ఫోనులో ఇన్‌స్టాగ్రామ్ బ్యాక్‌గ్రౌండ్‌లో వాడిన డేటా అందులో పదో వంతు కూడా లేదు.

కొడుకు వ్యాపారస్తుడు, లెక్కలో లొసుగు పట్టుకోవడం ఆయనకు అలవాటు. “మాటనంతా ఎందుకు పంపాలి సార్? ఫోనులోనే అక్షరాలుగా మార్చేసి, నాలుగు ముక్కలు పంపితే చాలదా?” అన్నాడు. ప్రశ్న సరైనదే. అక్షరాలు పంపడానికి డేటా దాదాపు అక్కర్లేదు. అయితే రోజంతా మాటను అక్షరాలుగా మార్చాలంటే ప్రాసెసర్ ఆగకుండా పనిచేయాలి, బ్యాటరీలో అది తెలిసిపోతుంది. పైగా ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైకు తెరిచినా తెర పైమూలన పచ్చ గుర్తు వస్తుంది, ఐఫోన్లలో 2020 నుంచి నారింజ చుక్క వస్తోంది. ‘ఓకే గూగుల్’ అన్న పిలుపు కోసం ఫోను ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుందన్నది నిజమే, కానీ తక్కువ కరెంటుతో నడిచే ఒక చిన్న భాగం ఆ ఒక్క పిలుపు కోసమే ఎదురుచూస్తుంది, మిగతా మాటలకు అర్థం వెతకదు.

“మరి ఆపిల్ అన్ని కోట్లు ఎందుకు కట్టింది?” అని ఆయన రెండో ప్రశ్న వేశాడు. 2025 జనవరిలో బయటకు వచ్చిన 9.5 కోట్ల డాలర్ల రాజీ గురించి ఆయన అడుగుతున్నాడు. మాటకు జవాబిచ్చే ఆపిల్ సహాయకి సిరి ఎవరూ పిలవకుండానే మేలుకుని, వాడేవారి ఆంతరంగిక మాటలను రికార్డు చేసిందన్నది ఆ దావా. అలాంటి రికార్డింగులను కాంట్రాక్టు ఉద్యోగులు వింటున్న సంగతి 2019లోనే పత్రికల్లో వచ్చింది. ఆపిల్ తప్పు ఒప్పుకోలేదు, ఆ మాటలను ప్రకటనలకు వాడలేదని చెప్పింది. నేను ఈ తేడాలన్నీ వివరించాను. వివరించేకొద్దీ నేను కంపెనీల తరఫు వకీలులా కనిపిస్తున్నానని వారి ముఖాలే చెప్పాయి.

నిజానికి ‘ఫోను ఎన్నడూ వినదు’ అని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. టీవీ ప్రకటనల్లో మనిషి చెవికి అందని ధ్వనులను దాచి, వాటిని ఫోను మైకుతో పట్టుకునే పద్ధతిని మన దేశపు సంస్థ సిల్వర్‌పుష్ తయారుచేసింది. దాని కోడ్ వాడిన 12 యాప్‌ల తయారీదారులకు 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరిక లేఖలు రాసింది. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ తన యాప్ ద్వారా అభిమానుల ఫోను మైకులను వాడి, అనుమతి లేకుండా మ్యాచ్‌లు చూపే బార్లను పట్టుకోబోయి, 2019లో రెండున్నర లక్షల యూరోల జరిమానాకు గురైంది. అమెరికా మీడియా సంస్థ కాక్స్ మీడియా గ్రూప్ ‘యాక్టివ్ లిజనింగ్’ పేరుతో మాటలు విని ప్రకటనలు చూపుతామని ప్రకటనదారులకు చెప్పుకున్న సంగతి 2023 చివర్లో బయటపడింది. ఆ సంస్థ నిజంగా ఫోన్ల నుంచి మాటలు సేకరించిందనడానికి మాత్రం ఆధారం కనబడలేదు. అంటే మైకును ప్రకటనల కోసం వాడాలన్న ఆశ కొందరికి ఉంది, అక్కడక్కడ ప్రయత్నాలూ జరిగాయి. అయితే ఒక ఇంట్లో తెలుగులో జరిగిన భోజనాల కబుర్లను పట్టి చెవి మిషన్ అమ్మారనడానికి వాటిలో ఏదీ చాలదు. ఈ మాట వారికి ముందే చెప్పి ఉంటే నన్ను కొంత నమ్మేవారు. అడిగాక ఒప్పుకోవడంతో దాచినట్టయింది.

రెండో తప్పు: అన్నీ ఒకేసారి కట్టేయడం

ఆ రోజు వెళ్లేముందు వారి మనశ్శాంతి కోసం ఒకే విడతలో మూడు పనులు చేశాను. అన్ని యాప్‌లకూ మైకు అనుమతి తీసేశాను, ప్రకటనల కంపెనీలు ఫోనును గుర్తుపట్టడానికి వాడే అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించాను, గూగుల్ ఖాతాలో వ్యక్తిగత ప్రకటనలను ఆపి యూట్యూబ్ చరిత్రను నిలిపివేశాను. వారం తరువాత కోడలు ఫోన్ చేసింది. యూట్యూబ్‌లో చెవి వీడియోలు తగ్గాయి, ఇన్‌స్టాగ్రామ్‌లో వినికిడి కేంద్రం ప్రకటన మాత్రం అలాగే వస్తోంది.

మూడింటినీ కలిపి చేయడం వల్ల ఏది పనిచేసిందో చెప్పలేని స్థితి వచ్చింది. వారికి మాత్రం అనుమానం లేదు: యూట్యూబ్ వింటూ ఉండేది, మైకు తీసేయగానే ఆగింది. ఇన్‌స్టాగ్రామ్ అనుమతి లేకుండానే వింటోంది, అది మరీ ప్రమాదకరం. అదే విషయం నాకు పూర్తిగా వేరేలా కనబడింది. మైకు లేకపోయినా, ఐడీ లేకపోయినా వస్తున్న ప్రకటన మైకు మీదా ఐడీ మీదా ఆధారపడనిది. ఒకే ఆధారం ఇద్దరికి రెండు తీర్పులు ఇస్తోందంటే పరీక్ష సరిగ్గా కట్టలేదన్నమాట. వైద్యుడు మూడు మందులు ఒకేసారి ఇచ్చి జ్వరం తగ్గాక ఏ మందుకు తగ్గిందని రోగినే అడిగినట్టుంది నా పని.

మూడో ప్రయత్నం: చీటీల పరీక్ష

ఈసారి ఒక్కదాన్నే మారుస్తూ పరీక్షిద్దామన్నాను. ఇంట్లో ఎవరికీ అవసరం లేని ఆరు వస్తువుల పేర్లు చీటీల మీద రాసి ఒకటి తీయించాను. తేనెటీగల పెట్టె వచ్చింది. కొడుకు ఫోనుకు మైకు అనుమతులు తిరిగి ఇచ్చి, కోడలి ఫోనుకు ఇవ్వకుండా ఉంచాం. రెండు ఫోన్లనూ బల్ల మీద పెట్టుకుని రోజూ సాయంత్రం పావుగంట తేనెటీగల పెంపకం గురించి బిగ్గరగా మాట్లాడాలి, దాని గురించి ఎవరూ ఎక్కడా టైపు చేయకూడదు, అడగకూడదు.

అయిదు రోజులు ఏమీ రాలేదు. ఆరో రోజున కొడుకు ఫోనులో షాపింగ్ యాప్ నుంచి తేనెటీగల పెంపకం సామాను గురించి నోటిఫికేషన్ వచ్చింది. మైకు ఉన్న ఫోనుకు వచ్చింది, లేనిదానికి రాలేదు. ఆయన దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఒక్క అక్షరం కూడా రాయకుండా నాకు పంపాడు.

ఆ రాత్రి నాకే సందేహం వచ్చిందని ఒప్పుకోవాలి. మరునాడు ఆయన ఎదుటే షాపింగ్ యాప్‌లోని వెతుకుల చరిత్ర తెరిచాం. రెండు రోజుల కిందటి తేదీతో ‘హనీ బీ బాక్స్’ అని ఉంది. రోజూ ఆ కబుర్లు విని, పెట్టె ఎంతుంటుందో చూద్దామని మనవడు నాన్న ఫోను తీసుకున్నాడు. పరీక్ష చెడిపోయింది. వాడిని కోప్పడబోతే నేనే ఆపాను, ఎందుకంటే మేమెవ్వరం చూపలేనిదాన్ని వాడు చూపించాడు: ఇంట్లో ఒక మాట నడిస్తే, ఆ మాట విన్న మనిషి ఏదో ఒక తెర దగ్గరకు వెళతాడు. చెవి మిషన్ కబుర్లు నడిచిన రాత్రి ఆ భోజనాల దగ్గర ఇంకెవరున్నారు అన్న ప్రశ్న నాకు అప్పుడు వచ్చింది. మొదటిరోజే రావలసిన ప్రశ్న.

పనిచేసిన దారి: ప్రకటన నుంచి వెనక్కి

అప్పటినుంచి ‘వింటోందా, లేదా’ అన్న వాదన పక్కనబెట్టి, వచ్చిన ఒక్కొక్క ప్రకటననూ పట్టుకుని అది ఎక్కడినుంచి బయలుదేరిందో వెతికాం. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, అది ఎందుకు కనిపిస్తోందో చెప్పే భాగం తెరిచాం. ప్రకటనదారు తన దగ్గరున్న ఒక జాబితాను ఎక్కించాడనీ, ఆ జాబితాలో ఆమె వివరాలు సరిపోలాయనీ అక్కడ రాసి ఉంది. వ్యాపారులు తమకు వచ్చిన ఫోన్ నంబర్లను, మెయిల్ చిరునామాలను గూఢరూపంలో ఇన్‌స్టాగ్రామ్ యజమాని సంస్థ మెటాకు ఇస్తే, ఆ నంబర్లున్న ఖాతాలకే ప్రకటన చూపడం ఏళ్లుగా ఉన్న పద్ధతి. దానికి మైకు, ఐడీ ఏవీ అక్కర్లేదు, ఫోను రీసెట్ చేసినా లాభం ఉండదు. అప్పటిదాకా వింతగా ఉన్న ప్రతి సంగతీ దీనితో కుదిరింది.

అంటే వినికిడి కేంద్రం దగ్గర ఆమె నంబరు ఉంది. ఎవరిచ్చారు? కాల్ చరిత్ర చూస్తే, మొదటి ప్రకటనకు రెండు రోజుల ముందు నుంచీ ఒకే నంబరు నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి. స్పామ్ అనుకుని అన్నీ కట్ చేశానని ఆమె చెప్పింది. ఆ తరువాత ఆమె గూగుల్ ఖాతా చరిత్ర తెరవవచ్చా అని అడిగాను. సరేనని ఫోను నా చేతికిచ్చి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

చరిత్రలో పాత తేదీలకు వెళ్లాను. వరుసగా మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళల్లో తెలుగులో వెతుకులు ఉన్నాయి: చెవిలో హోరు ఎందుకు వస్తుంది, మాటలు సరిగా వినపడకపోతే ఏం చేయాలి, చెవి మిషన్ ధర. మొదటిది భోజనాల కబుర్లకు మూడు రోజుల ముందుది. ఆ వేళల్లో ఇంట్లో ఉండేది ఒక్కరే. టీవీ రిమోట్ మీద, నొక్కి మాటతో వెతికే మైకు బొమ్మ బటన్ బాగా అరిగిపోయి ఉండడం నేను అంతకుముందే చూశాను.

కబుర్ల వల్ల ప్రకటనలు వచ్చాయన్న ఊహే ఇక్కడ విడిపోయింది. మాస్టారి వినికిడి తగ్గడం ముదిరింది. దానివల్ల ఆయన వెతకడం మొదలుపెట్టారు, అదే వారంలో దానివల్లే కొడుకూ కోడలూ మాట్లాడుకున్నారు. కబురుకూ ప్రకటనకూ మూలం ఒక్కటే. ఆయన వెతకడం ఎవరూ చూడలేదు, కబుర్లు మాత్రం గుర్తున్నాయి.

నిర్ణయం తీసుకోవలసిన చోట

వంటింట్లోంచి ఆమె వచ్చేలోగా తేల్చుకోవలసి వచ్చింది. ఖాతా ఆమెది, అనుమతీ ఆమెది, కాబట్టి చూసింది చెప్పడం నా బాధ్యత. అయితే ఆ వెతుకులు ఆమెవి కావు. ఇంటివాళ్లకు చెప్పలేని భయాన్ని ఒక పెద్దాయన ఖాళీ ఇంట్లో రిమోటుతో చెప్పుకున్నారు. దాన్ని కోడలి చేతికి నేను అందించడం, ఇన్నాళ్లుగా వారు ఫోను మీద మోపుతున్న నేరాన్ని నేను చేయడమే అవుతుంది. తెర ఆపేసి, “జాడ దొరికిందమ్మా, కానీ ముందు మాస్టారితో ఒక మాట మాట్లాడాలి” అన్నాను. ఆమె నా ముఖం చూసి, హాలు వైపు చూసింది. సగం అర్థమైపోయిందనుకుంటాను. రేపు రండి అంది. ఖాతాదారును ఒక రోజు ఆపే హక్కు నాకు లేదని వాదించేవారుంటారు, ఆ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

మరునాడు పగలు వెళ్లాను. రహస్యం అడగాలంటే గొంతు తగ్గించాలి, తగ్గిస్తే ఆయనకు వినపడదు, పెంచితే పక్కింటికి వినపడుతుంది. అందుకని కాగితం మీద రాసి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, పాత బడి అలవాటుతో నా రాతలో ఒక అక్షరదోషం దిద్ది, కింద జవాబు రాశారు. ధర ఎంతో ముందు తెలుసుకుంటే పిల్లల మీద భారం పడకుండా తన పెన్షన్‌లోనే చూసుకోవచ్చని ట్యాబ్‌లో ఒక ఉచిత పరీక్ష ఫారం నింపారట. ఫోనులో తనకు మాట అందదు కాబట్టి కోడలి నంబరు ఇచ్చారట. ఆ కేంద్రం నుంచి ఎవరూ పిలవలేదనుకుని ఊరుకున్నారు. ఆ తరువాత ఇంకో వాక్యం రాశారు: ‘ఈమధ్య వీళ్లిద్దరూ నా ఎదుట గొంతు తగ్గిస్తున్నారు నాయనా, నా గురించేనని తెలుస్తోంది, అందుకే ఇంకా వెతికాను.’

ఆ ఒక్క వాక్యంతో ఇన్నాళ్ల కథ చక్రంలా కనబడింది. ఆయన వెతికారు, ప్రకటనలు వచ్చాయి, వారు ఫోనుకు భయపడి గుసగుసలాడారు, ఆ గుసగుసలు చూసి ఆయన మరింత వెతికారు, ప్రకటనలు పెరిగాయి. మొదటిరోజు హాల్లో నేను చూసి ఊరుకున్న సంగతే ఈ చక్రానికి ఇరుసు.

ఫలితం, నేర్చుకున్నది

ఆ రాత్రి ఆయనే చెప్పారు. తరువాత జరిగిన మాటలు నాకు తెలియవు, తెలుసుకోవలసిన పనీ లేదు. టీవీలో, ట్యాబ్‌లో మాస్టారికి వేరే ఖాతా పెట్టాను. వినికిడి కేంద్రానికి కోడలు ఫోన్ చేసి తన నంబరు తీసేయమని చెప్పింది, పది రోజుల్లో ఆ ప్రకటన ఆగింది. కొడుకు, కోడలు చూపిన 11 ప్రకటనల్లో తొమ్మిదింటి జాడ దొరికింది, రెండింటిది దొరకలేదు. ఆ రెండింటినీ ఏదో ఒక ఊహతో మూసేయకుండా, దొరకలేదనే నివేదికలో రాశాను. దానివల్లనే మిగతా తొమ్మిదింటిని కొడుకు నమ్మాడని నా అభిప్రాయం.

అప్పటినుంచి పని తీరులో మూడు మార్పులు చేసుకున్నాను. అధ్యయనాలు, లెక్కలు నేను ముందు చెప్పడం లేదు, అడిగితే చెబుతున్నాను. ఒక్కో విడతలో ఒక్క అమరికనే మారుస్తున్నాను. ఎవరి ఖాతానైనా తెరిచేముందు, ఆ ఖాతా ఇంట్లో ఇంకా ఏయే తెరల మీద ఉందో రాయించుకుని, వాటిని వాడే ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, ఇందులో మీరు వెతికినవీ కనబడవచ్చు, చూడమంటారా అని అడుగుతున్నాను. ఈ ప్రశ్నకు కొన్ని ఇళ్లలో చూడమంటారు. రెండిళ్లలో వద్దన్నారు. వద్దన్న తరువాత ఆ ఇళ్లవారికి ఫోను మీద అనుమానం కూడా తగ్గడం గమనించాను.

నెల తరువాత మైకు అనుమతులు సరిచేయడానికి మరోసారి వెళ్లాను. మాస్టారు కుడి చెవికి మిషన్ పెట్టుకున్నారు, టీవీ శబ్దం తగ్గింది. రిమోటులో మైకు బటన్ పనిచేయకుండా చేయవచ్చా అని కోడలు అడిగింది. చేయవచ్చు, కానీ మామయ్యగారిని అడిగి చెప్పమన్నాను. ఆమె హాల్లోకి వెళ్లి మామూలు గొంతుతోనే అడిగింది. ఆయన రిమోటును ఒళ్లోకి లాక్కుని, ‘అది నాది, ముట్టుకోవద్దు’ అన్నారు.